మూడో నొక్కు

ఆ మేడగది గురించి ఆ వీధిలో ఎవర్నడిగినా ఒకటే మాట చెబుతారు. చీకటిపడ్డాక ఆ మెట్ల కింద నిలబడకూడదు. నిలబడినా చెవి పెట్టకూడదు. పెట్టినా... మూడోది వినబడేదాకా ఉండకూడదు.

మూడోది ఏమిటంటారా? చెబుతాను, తొందరపడకండి. నాకు ఈ కథ చెప్పిన టైలరు నన్ను ఇంతకు రెట్టింపు ఏడిపించాడు.

అది గడియారాలు బాగుచేసే షాపు. కింద షాపు, పైన గది, బయట వీధివైపు నుంచి పైకి పదకొండు చెక్కమెట్లు. గదికి తాళం. లోపల ఒక పనిబల్ల, ఒక ముక్కాలిపీట, గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు... అంతే. మనిషి లేడు. కానీ వీధి సద్దుమణిగాక లోపల ఎవరో మీట నొక్కినట్టు వినబడుతుంది.

టక్.

తర్వాత సన్నగా, చీమలు బారుతీరి పరిగెత్తుతున్నట్టు ఒక చప్పుడు. కాసేపటికి మళ్ళీ — టక్. ఇక నిశ్శబ్దం.

స్టాప్‌వాచ్ కలిసిన పాతకాలం చేతిగడియారం మీరెప్పుడైనా చూశారా? పక్కన రెండు మీటలుంటాయి. పై మీట నొక్కితే సెకన్ల పెద్దముల్లు పరుగు మొదలుపెడుతుంది. మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కింది మీట నొక్కితే ఎక్కడున్నా సరే, చటుక్కున సున్నా మీదికి వచ్చేస్తుంది. మొత్తం మూడు నొక్కులు. ఆ గదిలో మాత్రం రెండే. ముప్ఫై మూడేళ్ళుగా రెండే. మూడోది ఎవరి కోసం మోగుతుందో వాళ్ళు ఇక దాక్కోలేరని ఆ వీధివాళ్ళ నమ్మకం. అందుకే రాత్రి కాపలావాడు ఆ మెట్ల దగ్గరికి రాగానే ఈల గట్టిగా ఊదేవాడు. దొంగల కోసం కాదు మహానుభావుడు... తన చెవులకి ఇంకేమీ వినబడకుండా!

ఆ దెయ్యం ఎవరో కూడా అందరికీ తెలుసు. ఆ షాపు పెద్దాయనే. ఎంత పనిమంతుడో అంత దొంగ అని పేరుపడి, ఆ పేరు పడిన రాత్రే ఆ బల్ల మీద తలవాల్చి పోయాడు.

ఆయనకి ఒక్కతే కూతురు. అప్పటికి తొమ్మిదేళ్ళు. తల్లి అంతకుముందే పోయింది. ఇప్పుడు ఆ షాపు నడిపేది ఆవిడే. పొద్దస్తమానం కంటికి భూతద్దం తగిలించుకునే ఉంటుందని వీధిలో అందరూ భూతద్దమ్మ అంటారు. దెయ్యం కింద భూతద్దమ్మ కాపురం అని కుర్రకారు ఎగతాళి చేస్తే, "అవున్రా, రండి, మీ లోపల ఏం తుప్పు పట్టిందో చూస్తా" అనేది. నవ్వేది కూడా. కానీ షాపులో తండ్రి ఫోటో పెట్టలేదు. ఎవరైనా "మీ నాన్నగారు..." అని మొదలుపెడితే, "మా బాబాయిని అడగండి" అని తల దించుకొని పనిలో పడేది.

అన్నీ బాబాయే మరి. కళ్ళల్లో పెట్టుకొని పెంచాడు. జ్వరమొస్తే భుజాన వేసుకొని తిరిగాడు. పట్టకారు పట్టుకోవడం, ఊపిరి బిగబట్టి పని చేయడం, సూదిమొన మీద నూనెచుక్క నిలపడం... అన్నీ ఆయనే నేర్పాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి, చేతులు వణుకుతున్నాయి, పని మానేశాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చొని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తుంటాడు.

ఒకరోజు మధ్యాహ్నం బాబాయి భోజనానికి వెళ్ళిన సమయంలో ఒక ముసలాయన కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. బల్ల మీద చేతిరుమాలు పెట్టి మెల్లిగా విప్పాడు. లోపల గడియారం. తెల్లటి ముఖం, పక్కన రెండు మీటలు. ఆమె చూడగానే పోల్చుకుంది. ఎప్పుడూ చూడలేదు గానీ, చిన్నప్పటి నుంచీ దాని గురించి వింటూనే ఉంది.

"నేనెవరో తెలిసిందా అమ్మా?"

"డ్రిల్లు మాస్టారు కదండీ."

"ఆఁ. మీ నాన్న ముంచినవాణ్ణి" అన్నాడు. మాటలో పెద్ద కోపమేమీ లేదు. అలసిపోయినట్టుంది. "ఇన్నేళ్ళూ ట్రంకుపెట్టెలోనే ఉంది. ఇంకొకరి చేత మూత తీయించలేదు. రేపు పొద్దున మా గ్రౌండులో పాత పిల్లలంతా కలుస్తున్నారు. దీంతోనే ఒక్క పరుగు పెట్టించాలని కోరిక. ఆయన చెడగొట్టాడు... నువ్వు బాగుచెయ్యి."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. "అసలేం జరిగింది మాస్టారూ? నాకు బాబాయి చెప్పిందే తెలుసు."

ఏముంది, అని మాస్టారు చెప్పుకొచ్చాడు. సర్వీసింగుకిచ్చి తీసుకెళ్ళాడు. పోటీల్లో ముల్లు సున్నాకి రాకుండా రెండు సెకన్లు అవతల నిలబడింది. ఆ సంగతి చూసుకోక, గెలవాల్సిన పిల్లని ఓడిపోయిందన్నాడు. నలుగురూ నవ్వారు. సాయంత్రం షాపుకొచ్చి గొడవ పెట్టుకున్నాడు.

"మీ నాన్న మూత తీశాడు. చాలాసేపు చూశాడమ్మా. 'రేపొక్కరోజు టైమివ్వండి మాస్టారూ, ఎల్లుండికి సరిచేసి ఇస్తా' అన్నాడంతే. మర్నాడు పొద్దున్నే నేను మనసు ఆగక మళ్ళీ వచ్చా. మీ బాబాయి ఉన్నాడు. ఆయనే నా కళ్ళముందు తెరిచి, 'ఇది కంపెనీ సామాను కాదు మాస్టారూ, మా అన్నయ్య మార్చేశాడు. సొంత అన్నయినా నేను అబద్ధం చెప్పలేను' అని ఏడ్చాడు. వీధంతా పోగయింది. మీ నాన్న మెట్లు దిగొచ్చి అంతా విన్నాడు. కాదని అనలేదు, అవునని అనలేదు. మళ్ళీ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. నేను గడియారం తీసుకొని ఇంటికి పోయా."

ఆ రోజు ఇరవయ్యో తారీకు. ఆ తారీకు ఆమె మర్చిపోయేది కాదు.

బాబాయి వచ్చాక గడియారం చూపించింది. ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఆ దరిద్రాన్ని మన బల్ల మీద ఎందుకు పెట్టావ్? తిరిగిచ్చెయ్!"

"రేపు పొద్దుటికి ఇస్తానన్నా బాబాయ్. నాన్న చేసింది నేనైనా దిద్దాలిగా."

"దిద్దేదేం లేదు. చెబితే విను." అంతే, చెప్పులేసుకొని విసవిసా వెళ్ళిపోయాడు. ఎప్పుడూ ఎనిమిదింటికి కదిలే మనిషి, ఆ రోజు ఆరింటికే ఇంటికని బయల్దేరాడు.

ఆమె షట్టరు సగం దించి దీపం దగ్గరికి లాక్కుంది. వెనక మూత తిప్పి తీసింది.

ఇక్కడ ఆ పనివాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. గడియారం లోపల పని చేసిన ప్రతివాడూ దాన్ని మూసేముందు మూత లోపలివైపు సూదితో తన గుర్తు, తారీకు గీస్తాడు. వెంట్రుకంత గీత. గడియారం సొంతదారుకి కనబడదు, కనబడినా గీసుకుపోయిందేమో అనుకుంటాడు. చదవగలిగేది ఇంకో పనివాడే. మనం చొక్కా తొడుక్కున్నాక బొత్తాలు పెట్టుకోవడం లాంటిది. పెట్టుకున్నామని కూడా గుర్తుండదు.

భూతద్దం సర్దుకొని చూసింది. మూడు చుక్కలు. నాన్న గుర్తు. పక్కన పన్నెండో తారీకు.

దాని కింద ఇంకొకటి. కొడవలిలా ఒక వంపు, దానికో చిన్న తోక. ఆ గుర్తు ఆమెకి తన చేతిరాతకన్నా బాగా తెలుసు. ఆమె చేత మొదటిసారి గుర్తు గీయించినప్పుడు, "నాది ఇలా ఉంటుంది చూడు తల్లీ" అని గీసి చూపించిన గుర్తే.

బాబాయి గుర్తు. సరే... ఇరవయ్యో తారీకున మాస్టారి ముందు తెరిచాడు కదా, అప్పటిదేలే అనుకుంది. మూతని దీపం కిందికి వంచి పక్కనున్న అంకెలు చదివింది.

పదమూడు.

కళ్ళు నులుముకుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ చూసింది. పదమూడే. నాన్న సర్వీసింగు ముగించిన మర్నాడు. మాస్టారు తీసుకెళ్ళకముందు.

'ఇరవయ్యో తారీకు పొద్దున తప్ప ఆ గడియారాన్ని నేను వేలితో ముట్టుకోలేదు తల్లీ' అని బాబాయి ఎన్నిసార్లు చెప్పాడు? ఆమె అడగకుండానే ఎన్నిసార్లు చెప్పాడు?

కాదులే, ఇంకేదో కారణం ఉంటుంది. బాబాయి అలాంటివాడు కాదు. ముందు పని చూద్దామనుకుంది. చేతులు వాటంతటవే పనిలో పడ్డాయి. ఒక్కొక్క మర ఊడదీసి, పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, నూనె వేసి, మళ్ళీ బిగిస్తూ వచ్చింది. రోగం ఎక్కడుందో తేలిగ్గానే తెలిసింది. పెద్దముల్లు ఇరుసు మీద గుండె ఆకారంలో చిన్న ఇనుపముక్క ఉంటుంది. వాళ్ళు దాన్ని గుండె అనే అంటారు. కింది మీట నొక్కినప్పుడు ఒక సుత్తి వచ్చి దాన్ని కొడుతుంది, ముల్లు సున్నాకి తిరుగుతుంది. ఇందులో ఉన్న గుండె ఈ గడియారానిది కాదు. ఏదో చవకరకం గడియారంలోంచి పీకి, అరగదీసి, తొందర తొందరగా కూర్చినది. నాన్న చేసే పని కాదిది. దొంగతనం చేసినా ఇంత మొరటుగా చేయడు.

అలాంటి గుండె ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికితే ఒక్క చోటే... పైన, నాన్న సొరుగుల్లో.

గంట పదయింది. వీధిలో అలికిడి లేదు. గడియారాన్ని మూతున్న డబ్బాలో పెట్టుకొని, టార్చి, పట్టకారు తీసుకుంది. తాళంచెవి బాబాయి మొలతాడుకే ఉంటుంది. అవసరమైతే తాళం పగలగొడదామని పెద్ద స్క్రూడ్రైవరు కూడా పట్టుకుంది. ముప్ఫై మూడేళ్ళలో ఆ మెట్లెక్కడం అదే మొదలు.

ఒకటి... రెండు... మూడు. చెక్క కిర్రుమంది.

ఏడో మెట్టు మీద ఉండగా —

టక్.

కాలు గాల్లోనే ఆగిపోయింది. పైనుంచి సన్నగా ఆ పరుగు చప్పుడు. ఇన్నేళ్ళూ కింద కూర్చొని రేడియో పెద్దగా పెట్టుకొని తప్పించుకున్న చప్పుడే. వెనక్కి దిగిపోదామనుకుంది. కానీ డబ్బాలో ఆ పదమూడు ఉంది కదా. దాన్ని పట్టుకొని ఇంటికెళ్ళి బాబాయి మొహం ఎలా చూస్తుంది?

పైకే ఎక్కింది. టార్చి వెలుగులో తలుపు కనబడింది. తాళం... తీసి ఉంది. కొక్కేనికి వేలాడుతోంది.

తలుపు తోసింది.

ముక్కాలిపీట మీద ఎవరో కూర్చున్నారు. వీపు ఇటు. వంగిన భుజాలు, నెరిసిన తల. బల్ల మీదికి ఒరిగి, సరిగ్గా నాన్న కూర్చునేటట్టే.

పై ప్రాణం పైనే పోయిందావిడకి. గొంతులోంచి మాట తనకి తెలియకుండానే వచ్చేసింది. "నాన్నా..."

ఆ తల మెల్లిగా తిరిగింది.

బాబాయి.

"నువ్వా!" అంది. ఏడుపు, నవ్వు, కోపం అన్నీ ఒక్కసారే వచ్చాయి. "ఇన్నేళ్ళూ నువ్వేనా బాబాయ్ ఈ నొక్కుళ్ళు? వీధి వీధంతా హడలి చస్తుంటే... ఏదీ, చేతిలో ఏముంది చూపించు!"

బాబాయి రెండు చేతులూ చాపాడు. ఖాళీ.

అప్పుడే — టక్.

బల్ల మీంచి వచ్చింది చప్పుడు. టార్చి తిప్పింది. బల్ల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

"మొదటి ఏడాది నేనే నొక్కానమ్మా" అన్నాడు బాబాయి గుసగుసగా. "ఎవరూ ఈ గది జోలికి రాకూడదని... ఈ సొరుగుల్లో ఏం బయటపడుతుందోనని. వాటిని తెరిచే ధైర్యం నాకెప్పుడూ చాల్లేదు, ఇవాళ కూడా తెరుద్దామని వచ్చి ఇలా కూర్చుండిపోయా. అప్పట్లో రోజూ రాత్రి వచ్చి ఒక పాత స్టాప్‌వాచీ నొక్కి పోయేవాణ్ణి. జనం భయపడ్డారు. ఇక చాల్లే అని మానేశాను." బల్లకేసి చూశాడు. "నేను మానేశాను తల్లీ. అది మానలేదు."

ఆమె డబ్బా తెరిచి గడియారం మూత బయటికి తీసింది. టార్చి దాని మీద వేసి ఆయన కళ్ళ దగ్గర పెట్టింది.

"ఇదేమిటి?"

ఆయన చూశాడు. వంపు, తోక, పదమూడు. బొటనవేలితో ఆ గీతల్ని తడిమాడు.

"గీశానా?" అన్నాడు చివరికి. నిజంగానే ఆశ్చర్యం ఆ గొంతులో. "నేను... గుర్తు గీశానా?"

"గీశావు. చేసింది దొంగపని, అయినా అలవాటు ప్రకారం గుర్తు గీశావు. నీ చెయ్యి నీకన్నా నిజాయితీగా ఉంది బాబాయ్."

అప్పుడు చెప్పాడు. అన్నయ్య తనని పదేళ్ళు గోడగడియారాలే తుడవమన్నాడు, స్టాప్‌వాచీల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ కసితో ఆ రాత్రి తెరిచాడు. చూద్దామనే. పట్టకారు జారింది, గుండె అంచు విరిగింది. పాత సామాన్లలో పోలికగా ఉన్నది ఒకటి దొరికితే అరగదీసి పెట్టేశాడు. మాస్టారు వచ్చి అరిచేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. అన్నయ్య ఎలాగూ తనని అందరి ముందూ తిడతాడు, షాపులోంచి పొమ్మంటాడు... అంతకన్నా ముందే...

"అంతకన్నా ముందే నువ్వు ఆయన గొంతు కోశావు."

బాబాయి పీట మీంచి లేచి మూలకి జరిగాడు.

"ముప్ఫై మూడేళ్ళు!" ఆమె గొంతు గుసగుస దాటలేదు. "నా చేత నాన్నని దొంగ అనిపించావు. ఫోటో పెడతానంటే వద్దన్నావు. బళ్ళో పిల్లలు ఏడిపిస్తే ఇంటికొచ్చి నీ ఒళ్ళో పడి ఏడ్చాను కదా... నా తల నిమురుతూ కూర్చున్నావు కదా బాబాయ్! అప్పుడైనా నీకు ఏమీ అనిపించలేదా?"

"రోజూ అనిపించిందమ్మా."

"అనిపించి?"



ఆమె పీట పక్కకి జరిపి పైసొరుగు లాగింది. లోపల కాగితం పొట్లాలు. ప్రతి దాని మీదా నాన్న రాత, పేరు, తారీకు. ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఆ రాత చూసేసరికి కళ్ళు మసకబారాయి. అన్నిటికన్నా పైనున్న పొట్లం మీద 'డ్రిల్లు మాస్టారిది' అని ఉంది. విప్పింది. లోపల బియ్యపుగింజలో సగం లేని ఇనుపగుండె. చేత్తో చెక్కింది, చేత్తో మెరుగుపెట్టింది. టార్చి వెలుగులో అద్దంలా మెరిసింది.

కాగితం లోపలివైపు ఇంకా రాసి ఉంది. ఆమె మెల్లిగా, పైకే చదివింది.

"'కొత్త గుండె చేశాను. తమ్ముడి చేత వేయించాలి. వాడికి ఈ పని ఎప్పుడో నేర్పాల్సింది, నాదే ఆలస్యం. మాస్టారికి నేను సర్దిచెబుతాను. ఇరవయ్యో తారీకు, రాత్రి.'"

రాత్రి. అంటే పొద్దున వీధిలో అందరి ముందూ తమ్ముడి చేత దొంగ అనిపించుకొని, పైకొచ్చి, తలుపేసుకొని, పని ముగించి, అప్పుడు రాసిన మాట. మూత లోపల తమ్ముడి గుర్తు చూసి, అంతా తెలిసీ రాసిన మాట.

బాబాయి ఆ కాగితం అందుకున్నాడు. అక్షరం అక్షరం తడుముకుంటూ చదివాడు. తర్వాత దాన్ని మొహానికి అడ్డం పెట్టుకొని, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

ఆమెకి జాలి వెయ్యలేదు. వేస్తుందేమోనని భయపడింది గానీ, వెయ్యలేదు. గడియారం బల్ల మీద పెట్టి, పట్టకారు ఆయన ముందుకు తోసింది.

"నాన్న నీ చేత వేయించమన్నాడు. వెయ్యి."

"చేతులు వణుకుతున్నాయి కదమ్మా..."

"వెయ్యి బాబాయ్."

పట్టకారు తీసుకున్నాడు. మొన గాల్లో గిజగిజలాడింది. గుండెని పట్టుకోబోతే జారింది. మళ్ళీ జారింది. మూడోసారి... చెయ్యి ఆగింది. గోడకి కొట్టిన మేకులా నిలిచిపోయింది. ఇరుసు మీద గుండె కూర్చుంది. పైన మర బిగిసింది. డబ్బాలోంచి ముల్లు తీసి గడియారం ముఖం మీద నిలబెట్టాడు. అంతా పద్ధతిగా, తొందరలేకుండా. బాబాయి పనితనం కాదిది. బాబాయి ఎప్పుడూ కంగారు మనిషి.

"చూశావా!" అన్నాడాయన. ఏడ్చిన మొహంలోనే చిన్నపిల్లాడిలా వెలుగు. "చూశావా తల్లీ, నా చెయ్యి!"

పై మీట నొక్కాడు. టక్. ముల్లు పరుగెత్తింది. ఒక్క కుదుపు లేదు. మళ్ళీ నొక్కాడు. టక్. ముప్ఫై ఏడు సెకన్ల దగ్గర ఆగింది. బొటనవేలు కింది మీట మీదికి పోతుంటే ఆమె గభాల్న మణికట్టు పట్టుకుంది.

"ఆగు. మూడోది ఇక్కడ కాదు. రేపు పొద్దున మాస్టారి ముందు, వీధి ముందు, జరిగింది జరిగినట్టు చెప్పి అప్పుడు నొక్కు."

వెలుగంతా పోయింది మొహంలోంచి. "అమ్మా... డెబ్భై రెండేళ్ళు నాకు. ఈ వయసులో నన్ను వీధిలో నిలబెడతావా? నేను పోయాక చెప్పుకో. ఎంతో కాలం లేదుగా. నిన్ను పెంచాను కదా తల్లీ..."

"పెంచావు. నాన్నని వీధిలో నిలబెట్టి, నన్ను పెంచావు."

"నా వల్ల కాదు" అన్నాడు మొహం తిప్పుకొని. "నేను చెప్పను."

అది విన్నాక ఆమెకి ఇంక కోపం కూడా రాలేదు. ఏదో తెగిపోయింది. వెనక మూత బిగించింది, గడియారం గుప్పిట్లో పెట్టుకుంది, టార్చి తీసుకొని మెట్లవైపు నడిచింది. ఆయన్ని చీకట్లోనే వదిలేసింది.

మర్నాడు పొద్దున ఏం జరిగిందో మాత్రం మా టైలరు కళ్ళారా చూశాడు. మాస్టారు కర్ర పోటేసుకుంటూ వచ్చేసరికి బాబాయి షాపు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ లాగలేదు. పాలవాడు, కాపలావాడు, టైలరు, ఎదురింటివాళ్ళు... అందరికీ వినబడేలా మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. మా అన్నయ్య దొంగ కాదు, దొంగని నేను, అన్నాడు. చెబుతున్నంతసేపూ కుడి మణికట్టు ఎడంచేత్తో రుద్దుకుంటూనే ఉన్నాడట. దాని మీద ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు నాలుగు వేళ్ళ అచ్చులున్నాయట. రాత్రి భూతద్దమ్మ పట్టుకుందిగా, అవే అయుండొచ్చు. కానీ టైలరు కొలతలు చూసే మనిషి కదా... 'అవి ఆడమనిషి వేళ్ళు కావండీ' అంటాడు.

మాస్టారు అక్కడే మెట్ల మీద కూలబడి, "ముప్ఫై మూడేళ్ళు ఆ మహానుభావుణ్ణి తిట్టుకున్నానే" అని తల బాదుకున్నాడు. షాపులో ఇప్పుడు పెద్దాయన ఫోటో ఉంది. బాబాయికి వేళకి భోజనం పెడుతుంది భూతద్దమ్మ, మందులిస్తుంది. మాట మాత్రం ఆడదు. ఆ పొద్దున్నుంచి ఇవాళ్టిదాకా ఒక్క మాట ఆడలేదు. మేడగదికి తాళం తీసేశారు. ఇక అక్కడ ఏ చప్పుడూ లేదు.

అయితే మీరు అడగాల్సినది ఒకటి మిగిలింది. 'చెప్పను' అని మొండికేసినవాడు తెల్లారేసరికి ఎందుకు చెప్పాడు?

రాత్రి ఆమె మెట్లు దిగుతోందని చెప్పాను కదా. నాలుగో మెట్టు మీద ఉంది. గడియారం గుప్పిట్లో ఉంది. బొటనవేలు దాని అద్దం మీదుంది, మీటల జోలికే పోలేదు. పైన గది నిశ్శబ్దంగా ఉంది.

టక్.

అరచేతికి తగిలింది ఆ నొక్కు. లోపల సుత్తి వెళ్ళి గుండెని కొట్టడం చర్మానికి తెలిసింది.

వెంటనే పైనుంచి, చీకట్లోంచి, బాబాయి గొంతు. చిన్నపిల్లాడి గొంతులా ఉందట. ఎవరో పిలిస్తే పలికినట్టు ఒక్కటే మాట —

"వస్తున్నా అన్నయ్యా... చెబుతాను."

ఆమె మెల్లిగా గుప్పిట తెరిచి టార్చి వేసింది. ముప్ఫై ఏడు దగ్గర ఆగిన ముల్లు... సున్నా మీద ఉంది.